తాలు

ఇరవై మూడు వరసలు.
ఇడ్లీ పిండి రుబ్బడం ఇంతకంటే కష్టం.
టిక్కీ బరువు తీసుకో, ముందరి దానికి కలుపు,
బండి ఖాళీ అయ్యాక ఎంతో చెప్పు.
దానికి నేను అప్పజెప్పిన పని అంతే.

సోమవారం కుదిరింది, మంగళవారం కుదిరింది.
బుధవారం
రెండు వందల పన్నెండు కిలోలు
ఎటో నడిచి వెళ్ళిపోయాయి.

గుంటూరు యార్డులో దొంగ పడితే
తుమ్ముతూ దొరుకుతాడు.
ఇక్కడ తుమ్మింది నేనొక్కదాన్నే.

ఖాజావలి గారు చెవి మీది పెన్సిలు తీసి
చిట్టా అడుగున గీత గీసి
"మనది సరిపోయిందమ్మా" అన్నారు.
ఆ మనదిలో నేను లేను.

గురువారం మళ్ళీ కుదిరింది.
అది మరీ అన్యాయం.
రోజూ తప్పితే రోగం అనుకుంటాం,
రోజు మార్చి రోజు తప్పితే
ఎవరి మీద పడాలి?

కాటా మీద పడ్డాను. తీగ మీద పడ్డాను.
కరెంటు పోయి వచ్చిన ఆ అర నిమిషం మీద పడ్డాను.
రాత్రి అరండల్‌పేట గదిలో
పదకొండో వరస చెరిపి
అదే పదకొండో వరస మళ్ళీ రాశాను,
ఊడ్చిన చోటే ఊడ్చే కొత్త పనిమనిషిలా.
అడుగడుగుకీ ఎంతయిందో చెప్పమన్నాను.
నలభై రెండు, ఎనభై ఐదు, నూట ఇరవై ఏడు,
ఎక్కం అప్పజెప్పే పిల్లలా చెప్పింది.
ఒక్క ఎర్రగీత పడినా బాగుండేది.
ఇది అరవదు, ఆగదు.
ఎంతో మర్యాదగా తప్పు చెబుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ తేడా.
ఖాజావలి గారు టీ గ్లాసు ఊదుకుంటూ
నా వైపు చూడకుండానే అడిగారు:
"తాలు దిగిన రోజేగా
నీకు లెక్క పోయేది?"

తాలు.
రంగు పోయి తెల్లబడిన కాయ.
కుప్ప మీద పైకి కనబడేలా ఎవరూ పొయ్యరు.
నేను కూడా దాన్ని అడుగునే పెట్టాను,
చివర నాలుగు వరసలు,
క్యారేజీ మూత తీసి పెట్టుకుని
ఎడమ చేత్తో కొట్టినవి.
పరీక్షకి ఎప్పుడూ మంచి కాయలే పోశాను.

పైన "మొత్తం" అని పేరు పెట్టుకున్నాను,
ఇంగ్లీషు అక్షరాల్లో. రెండు టీలు.
కింద అదే మొత్తం,
ఒక టీ, పక్కన ఒక హెచ్.
నోటికి రెండూ ఒకటే.
దానికి నోరు లేదు కదా.
ఇదెవరో కొత్త మనిషి అనుకుంది.
కొత్త గది తెరిచింది,
తాలు బరువు అందులో పోసింది,
తలుపు వేసి వచ్చి
పాత గదిలో ఉన్నంతవరకే లెక్క చెప్పింది.
నన్నొక మాట అడగలేదు.

కోపం రావాలి. నవ్వొచ్చింది.
పదో తరగతి మెమోలో నా పేరు జ్యోతికి హెచ్ ఉంది.
ఆధార్‌లో లేదు.
మూడు రోజులు, రెండు అఫిడవిట్లు,
కిటికీ అవతల ఆయనకి
నాగజ్యోతీ నాగజ్యోతీ ఒకటేనని
నేనే నిలబడి చెప్పుకున్నాను.
ఆయన కాగితం చూశాడు గానీ
తలెత్తి నన్ను చూడలేదు.

ఒక అక్షరం తీసి ఇంకో అక్షరం వేశాను.
వేలు ఎత్తి దించేంత పని.
బుధవారం ఐదు టిక్కీలు, ఇవాళ్టివి మూడు,
ఏమీ ఎరగనట్టు వచ్చి వరసలో కూర్చున్నాయి.

"దొరికాయా?"
"దొరికాయండీ."
"ఎక్కడ?"
"ఒత్తు దగ్గర."
ఆయన అర్థమైనట్టే తలూపారు.
కాసేపాగి,
"అయితే రేపట్నుంచి చిట్టా ఆపేయమంటావా?"

ముక్కు తుడుచుకుంటూ అన్నాను,
"ఉంచండి."