కొసరు

ఘనా నడినెత్తిన నవ్రోంగో.
ఆ సంతలో మూడో వరస, రేకు కప్పున్న బల్ల నాది.
ఒకప్పుడు దాని మీద టమాటాలు
కుప్పలు పోసేదాన్ని, కింద మూడు, పైన ఒకటి.
కుప్ప కొన్నవాళ్ళకి ఇంకో కాయ చేతిలో పెట్టేదాన్ని.
కాస్త పగిలిందే అనుకో, కొసరు కొసరే.
అది పెట్టకపోతే మా సంతలో
మనిషిని మనిషిగా లెక్కపెట్టరు.

ఇప్పుడు బల్ల మీద డబ్బాలు.
ఎర్రవి, గుండ్రటివి, నా పిడికిలంత.
మీద మూడు రంగుల చారలు,
నవ్వుతున్న ఒక తెల్ల ముసలావిడ.
ఇటలీ సరుకన్నాడు లారీ డ్రైవరు.
కాదు, గుజ్జు చైనాది, రేకు ఇంకెక్కడిదో,
జెండా ఒక్కటే ఇటలీదన్నాడు బడిపంతులు ఆగనా.
నాకేం తెలుసు.
నాకు తెలిసింది ధర.
మా మడిలో కోసి, గాడిదబండి మీద తెచ్చి,
నీళ్ళు చల్లి, ఈగలు తోలి అమ్మే కాయ కంటే
సముద్రం దాటొచ్చిన డబ్బా చవక.
ఎట్లా చవక అంటే
అక్క్రా నుంచి వచ్చిన పెద్దమనిషి
"మీలో పోటీతత్వం లేదు" అన్నాడు
చెమట తుడుచుకుంటూ, నా కుండలో నీళ్ళే తాగి.

అక్కడి రైతుకి వాళ్ళ సర్కారు చేతిలో డబ్బు పెడుతుందట.
మా సర్కారు పెట్టబోతే
అప్పిచ్చినవాళ్ళు చెయ్యి పట్టుకున్నారట.
అప్పుకి వడ్డీ ఉంటుందని నాకూ తెలుసు.
వడ్డీ మీద షరతు కూడా ఉంటుందని ఆగనా చెప్పాడు.
కొసరన్నమాట.

ఫ్యాక్టరీ ఒకటుండేది టమాటాలకి.
ఎన్నికలొచ్చినప్పుడల్లా దాని గేటుకి రంగేస్తారు.

ఆ ఏడు కుమాసీ లారీలు రాలేదు.
కాలవ పొడుగునా, హర్మట్టాన్ దుమ్ములో,
కోసేవాడు లేక చేలన్నీ ఎర్రగా,
పుండులాగా.
పక్క మడి అతను ఆ వారమే పురుగుమందు తాగాడు.
దాని గురించి నేను మాట్లాడను.

మా ఆయన వెపియా తాగలేదు.
బయల్దేరాడు.
అగాదెజ్, ఇసుక, లిబియా, ఒక గోదాం, నీళ్ళు.
ఈ అయిదు మాటల్లోనే చెప్పాడు,
ఆరో మాట అడగనివ్వలేదు.

ఇప్పుడు ఫోజ్జా అనే ఊరి అవతల
ఎప్పుడో విమానాలు దిగిన సిమెంటు దారి మీద
అట్టముక్కల గదిలో ఉంటాడు.
ఏం పని అన్నాను.
ఫోన్లో చాలాసేపు నవ్వాడు.
"టమాటాలే. నాకొచ్చిన పనేగా."

నడుం లోతు పెట్టె, మూడువందల కిలోలు.
పెట్టెకింతని లెక్క. అందులో మేస్త్రీ
వ్యాన్ ఎక్కించినందుకింత,
నీళ్ళ సీసాకింత కోసుకుంటాడు.
అంచుదాకా నిండితే నిండినట్టు కాదట,
చీమలపుట్టలా పైకి లేవాలి.
ఆ పుట్టకి డబ్బుల్లేవు.
"అదేంటో తెలుసా? నువ్వు చేతిలో పెట్టేదే.
నువ్వు ఇస్తావు. వీళ్ళు తీసుకుంటారు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
వాడు కోసిన కాయ ఏదో ఒకటి
మరిగి, గుజ్జై, డబ్బాలో దూరి
ఓడెక్కి, తేమా రేవులో దిగి
గతుకుల్లో ఎగిరెగిరి
నా బల్ల మీదికి వచ్చి ఉంటుందా?
దారిలో దాన్ని ఎవరైనా ఆపి
కాగితాలు అడిగారా?
వచ్చి ఉండకపోవచ్చు కూడా.
ఆగనా అన్నట్టు చైనాదేనేమో.
అక్కడ ఎవరి మొగుడు కోశాడో.

డబ్బా కొన్నాక కూడా జనం
అలవాటు కొద్దీ చెయ్యి చాపి నిలబడతారు.
ఏం పెట్టను?
మూత బిగించి పంపారు, చుక్క బయటికి రాదు.
తలా ఒక మిరపకాయ పెడతాను.
అది ఇంకా మా మడిదే.

ఆదివారం ఫోన్ చేస్తాడు.
మేస్త్రీని తిట్టి, ఎండని తిట్టి,
పిల్లదాని చదువడిగి,
పెట్టేసే ముందు ఇవాళ పులుసేంటంటాడు.
పొయ్యి మీద ఎర్రగా ఉడుకుతుంటుంది.

బెండకాయ, అని చెప్తాను.