చూడకూడని చేతులు

టిబిలిసిలో, మూడో అంతస్తులో,
బ్యాలే నేర్పే అద్దాల గదికి ఓ మూల
ఎతేరి పియానో.
మీద చల్లారిన టీ,
దిగిపోయిన ఒక మెట్టు కింద మడిచి దోపిన బస్సు టికెట్టు.

ఎడమ చేతిది ఒకటే పని: ఒకటీ రెండూ మూడూ,
నీళ్లు తోడే మనిషిలా
వంగి, లేచి, మళ్లీ వంగి.
కుడి చెయ్యి కుదురుగా ఉండదు,
ఆ మూడింటి భుజాలెక్కి కబుర్లు చెబుతుంది.
పాదం పెడల్ మీద.
కళ్లు కాగితం మీద లేవు,
పదిహేను మంది పిల్లల మోకాళ్ల మీద.
ఏ మోకాలు ఆలస్యంగా విచ్చుకుంటుందో
దాని కోసం స్వరాన్ని
వెంట్రుకవాసి సాగదీస్తుంది.
ఒక చెవి వర్లామ్ మాస్టారి కర్ర చప్పుడుకి,
రెండోది కింద వీధిలో
పెరుగమ్మే ఆవిడ "మాట్సోనీ" కేకకి.

లోపల అప్రస్తుత ప్రసంగి ఒకడు ఉండనే ఉన్నాడు:
చిక్కుడు గింజలు నానబోశావా?
తమ్ముడికి ఫోన్ చేశావా?
వాడికీ జవాబిస్తుంది, తాళం తప్పకుండా.
బోశాను. చెయ్యలేదు.

మంగళవారం
మడమ బెణికిన తెక్లె, తొమ్మిదేళ్లది,
కట్టు కట్టిన కాలు చాపుకుని పియానో పక్కన కూర్చుంది.
చాలాసేపు చూసి అడిగింది:
"నువ్వు ఏ చేతిని చూస్తావు?"

ఎతేరి చూసింది.
అంతే.
ఎడమ చెయ్యి పరాయిదైపోయింది.
చిటికెన వేలు ఎటు పోవాలో మరిచి నిలబడింది.
రెండు రావలసిన చోట మూడొచ్చింది.
గాలిలోకి లేచిన పిల్లలకి
దిగడానికి నేల దొరకలేదు.
ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి కాదు గానీ
సిగ్గు మాత్రం మొదటిసారి లాగే.

ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చింది,
కరెంటు లేని ఆ చలికాలం.
తనకి పదకొండు.
కిరసనాయిలు పొయ్యి వాసన.
ఒక చెయ్యి నాన్న కోటు జేబులో దాచుకుని
రెండో చేత్తో వాయించేది.
ఇది కొయ్యబారితే అది.
రెండూ అలా
ఒకదాని మొహం ఒకటి ఎరగకుండా పెరిగాయి.
మార్చిలో చలి విరిగిన రాత్రి
మొదటిసారి కలిశాయి,
పెద్దగా పలకరించుకోకుండానే
పనిలో పడ్డాయి.

బుధవారం తెక్లెతో అంది:
"ఏ చేతినీ చూడను.
చీకట్లో పెరిగినవి. చూస్తే బెదురుతాయి."

పిల్ల కాసేపు ఆలోచించి
మర్యాదగా
తల కిటికీ వైపు తిప్పుకుంది.