మైకు ఆపిన వీధి

ఉగాది ఇంకా మూడు దినాలుంది.
పత్తికొండ సందుల్లో దస్తగిరి ఆటో, నెత్తిన మైకు:

"ఆదివారం బండలాగుడు పందెం,
గెలిచిన జతకు ఎనభై వేలు!
రేపు కొళాయి నీళ్లు రావు, ఈ పొద్దే పట్టుకోండప్పా.
కుంటి మేకపోతొకటి తప్పిపోయింది,
చెవికి పచ్చ దారం."

టమోటా మండీ దాటినాడు.
ధర సంగతి ఎవరూ చెప్పమనలేదు,
రోడ్డు పక్కన పారబోసిన ఎరుపే చెప్పింది.

హైస్కూలు గోడ కాడ మైకు ఆపినాడు.
లోపల పదో తరగతి పరీక్ష.
మూడో గదిలో కూతురు మౌలాబీ
ఆటో గుడగుడ విని
ఒక్క గడియ పెన్ను ఎత్తిందేమో.

మళ్లీ వేసేది మరిచిపోయినాడు.

మర్నాడు రెండు వీధుల ఆడోళ్లు
ఖాళీ బిందెలతో ఆటోకి అడ్డం నిలబడినారు:
"మాకు యాల చెప్పలేదు?"

బిందెలన్నీ ఎక్కించుకుని
బోరు కాడికి పోయినాడు,
మేకపోతు దొరికిందని
దారి పొడుగునా చెప్పుకుంటా.