చాలు అనే మాట

మా నాన్న వెనిలా కాయలకు ఇంటిపేరు పెట్టేవాడు.
బిరడా ముక్కకు గుండుసూదులు గుచ్చి
పచ్చికాయ వీపు మీద ఒక్క నొక్కు:
మూడు చుక్కలు, ఒక గీత, మళ్ళీ రెండు చుక్కలు.
రాత్రికి రాత్రి దొంగ కోసుకుపోయినా
సంబావా సంతలో
కాయే చెబుతుంది తను ఎవరిదో.

పోటుకు కాయ రాద్ధాంతం చెయ్యదు.
ఎంత కావాలో అంత బెరడు కట్టుకుని
ఊరుకుంటుంది.
ఎండి, ముడతలు పడి, నల్లబడ్డాక కూడా
వేలితో తడిమి చదవచ్చు దాన్ని.

నాకూ ఒక సూది గుచ్చారు, ఏడేళ్ళప్పుడు,
చెవితమ్మెకు.
అత్త దీపం మీద కాల్చి తెచ్చిన సూది.
గాయం వారంలో మానింది.
మానడం మాత్రం ఆగలేదు.
గోరంతగా మొదలై
లిచీ గింజంత అయింది, ఆ పైన లిచీ పండంత.
ఆసుపత్రిలో కోసి పారేశారు.
కోసినచోట ఇంకా పెద్దది మొలిచింది,
అప్పు తీర్చడానికి చేసిన అప్పులాగా.
వైద్యులు దానికి పెట్టిన పేరు
పీతగోళ్ళ నుంచి పుట్టిందట.
పేరు పెట్టినవాడెవడో పీతను బాగా ఎరుగును.
పట్టు వదలదు. పక్కకే పాకుతుంది.

ఇప్పుడు అంతానానారివులో, మూడో అంతస్తులో,
తెల్లకోటు తొడుక్కుని
తలాపెట్రక ఆకు రుబ్బుతుంటాను.
నేలబారున పాకే మొక్క. గుండ్రటి ఆకు,
తొడిమ దగ్గర ఎవరో కొరికినట్టు.
మురామాంగా చిత్తడి గట్ల మీద
ఆడవాళ్ళు నడుం వంచి గిల్లుతారు.
పచ్చిది కిలోకి ఒక ధర, ఎండుదానికి ఇంకొకటి,
త్రాసు మాత్రం ఎప్పుడూ దళారిదే.
తుంగ కోసిన వేళ్ళకు
అదే ఆకు నమిలి అద్దుకుని
మళ్ళీ వంగుతారు.
వాళ్ళకు తెలిసింది
నేను సీసాల్లో అడుగుతున్నాను.

బస్తాడు ఆకు సారాయిలో నాని,
వడకట్టి, ఇగిర్చి, మళ్ళీ వడకట్టి,
చివరికి మిగిలేది
చూపుడువేలి కొసకు అంటేంత తెల్లపొడి.

గాజుపళ్ళెంలో తియావినా భుజం నుంచి తీసిన కణాలు.
సూక్ష్మదర్శినిలో చూస్తే
పని పిచ్చి పట్టిన తాపీమేస్త్రీలు.
ఇల్లు అయిపోయిందని ఎవరూ చెప్పలేదు వాళ్ళకు.
గోడ లేచింది, కిటికీ మూశారు, గుమ్మం మూశారు,
ఇంకా ఇటుక మీద ఇటుక.
ఆ పొడి వాళ్ళను చంపదు.
దగ్గరికెళ్ళి ఒక మాట చెబుతుంది
అని మా ఆశ.

నాలుగు పళ్ళేలలో విన్నారు.
ఐదోదాంట్లో
చెవిన వేసుకోలేదు.
డాక్టర్ జాఫిమహేరి నా నోటుపుస్తకం తెరిచి
"తగ్గిస్తుంది" కొట్టేసి
"తగ్గించవచ్చు" అని రాసింది.
కింద రెండు గీతలు.
గాజులో ఆగినది ఒంట్లో ఆగాలని ఎక్కడుంది?
ఆవిడ పదిహేనేళ్ళుగా
ఆ రెండు గీతల మీదే నడుస్తోంది.

గురువారం తియావినా వచ్చింది.
అన్నం గంజి వార్చబోయి కాల్చుకున్న భుజం,
ఇప్పుడు ఎర్రటి తాడు పేనినట్టుంది.
ఎలాంటి మందు కావాలమ్మా అని అడిగాం,
నునుపు కావాలంటుందనీ
పెళ్ళిఫోటో సంగతి ఎత్తుతుందనీ అనుకుంటూ.
జాకెట్టు సర్దుకుంటూ అంది:
"ఉంటే ఉండనీండి.
రాత్రిపూట దురద తగ్గి
ఈ పక్కకు తిరిగి పడుకోగలిగితే
చాలు."

ఇన్నాళ్ళుగా కణాలకు నేర్పాలని చూస్తున్న మాట
ఆవిడ నోట అంత తేలిగ్గా వచ్చేసరికి
నేను పెన్ను మూత కోసం వెతుక్కున్నాను.
అది నా చేతిలోనే ఉంది.

ఆరో పళ్ళెం మీద తేదీ వేశాను.
పొడి సగం మోతాదు, చీటీ మీద మా నాన్న గుర్తు:
మూడు చుక్కలు, ఒక గీత, రెండు చుక్కలు.
దీపం ఆర్పి మెట్లు దిగుతుంటే
చెవి దురద పెట్టింది.
గోకలేదు.