కాకి పోయే దూరం

రేణిగుంట నించి శంషాబాదుకి
నాలుగొందల ఇరవైకి రొంత తక్కువ కిలోమీటర్లంట,
గంటా పది నిమిషాలంట.
కెప్టెను మైకులో చెప్పేది ఒక తూరి గూడా వినలేదు నేను,
తలుపు మూసేలోపల దిగిపోవాల గదా.
సెక్యూరిటీ మునస్వామి చెప్పినాడు.

నాకుండేది ఇరవై నిమిషాలు.
డెబ్బై రెండు సీట్లు.
బెల్టులు అడ్డంగా మడవాల,
అరల్లో కాగితాలు సర్దాల,
కొత్త గుండ్లు ఆనిన చోటల్లా
గంధం మరకలు రుద్దాల.
ఒక దినం కిటికీ పక్క సీటు కింద
చిన్నబిడ్డ చెప్పు ఒకటి దొరికింది.
రెండోది అప్పటికే
కొండెక్కతా ఉంటాది.

పిక్క పట్టేస్తే ఒకే ఒక తూరి కూచున్నా,
తొమ్మిదో వరసలో, రెండు నిమిషాలు.
రెండు నిమిషాలకి ఎన్ని కిలోమీటర్లో
లెక్కేసి చెప్పమంటే మునస్వామి నవ్వినాడు.
"నిలబడిన విమానానికి దూరం ఏముంటాది, చెంగమ్మా?"

మా మిట్టూరు కంచెకి అవతలే.
విమానం మెట్ల మీద నిలబడితే
కొట్టం మీద ఆరేసిన నా నీలం చీర కనపడతాది.
కాకి పోతే మూడు కిలోమీటర్లు.
మునుపు గెనాల మీద నడిచి పోతా ఉంటిమి,
రన్‌వే సాగదీసినాక దావ మూసేసినారు.
ఇప్పుడు గేటు నించి రోడ్డుకి,
రోడ్డు నించి రేణిగుంట టేషనుకి,
ఆడ షేరాటో, పదిమంది నిండేదాకా కదల్దు,
రైలుగేటు పడిందా, ఇంగ చెప్పబల్లేదు.
కాలవకట్ట కాడ దిగి మళ్లీ నడక.
గంటా నలభై.
నేను కాళ్లు కడుక్కునే యాళకి
శంషాబాదులో వాళ్లు
బ్యాగులు తీసుకోని ఇండ్లకి పోయింటారు.

అయిదూ పదికి లేస్తాది కడాకటి విమానం.
నేను తుడిచిందే,
నాకన్నా ముందు మా ఇంటికి పోతాది.
ముప్పై లెక్కపెట్టేలోగా
మా రేకులు అదురుతాయి.
ఆ సద్దు వినే మా రెడ్డెప్ప
మంచం మీంచి లేస్తాడు.
కట్టెలు చీల్చి, శెనిగ్గింజలు వేయించి,
ఊరిబిండి నూరి, నిమ్మళంగా ఎసురు పెట్టి
సంగటి గెలికేటప్పటికి
నేను కాలవకట్ట దిగతా ఉంటా.
గడియారం లేక గాదు. ఫోను గూడా ఉండాది.
ఆయప్పకి ఆ సద్దు మీదనే నమ్మకం.

మొన్న కార్తీకంలో వాయుగుండం.
రన్‌వే మీద నీళ్లు, కడాకటి విమానం రద్దు.
జాలిపడి కంపెనీ వ్యానులో
కాలవకట్ట దాకా దించినారు.
తడిసి ముద్దయి ఇల్లు చేరితే
పొయ్యిలో బూడిద చల్లంగా ఉండాది.
పిల్లి పడుకోనుంది దాంట్లో.
గడప కాడ కూచోని మోడం పక్క చూస్తా ఉన్న మనిషి
నన్ను చూసి ఉలిక్కిపడినాడు.

"విమానం లేవలేదే!
నువ్వెట్లొచ్చినావు?"