చిరుమాను కామ

రెడ్డెప్పా, ఆ గొడ్డలి కింద పెట్టు.
ముందు కాళ్ళు చూపియ్యి.
హవాయి చెప్పులా?
కంటైనర్లో నా సేఫ్టీ బూట్లు ఉండాయి,
ఒక సైజు పెద్దవి, గుడ్డలు కుక్కి తొడుక్కో.

నీ వీసా మీద ఏం రాసిందో నాకు తెలుసులే.
నా దాని మీదా కుక్ హెల్పర్ అనే రాసింది.
జహ్రా వెనక సందులో, ఈ మందీ పొయ్యిల కాడ
పదకొండేండ్లుగా నేను వండింది లేదు.
చీల్చింది ఎంతో లెక్కలేదు.

ఇది సమర్ కట్టె. ఓడెక్కి వచ్చింది, మన మాదిరే కాదు, ఇంకా ముందే.
వాసన చూడు. మన తుమ్మకు పినతల్లి కూతురు.
అంతే మొండి,
నిప్పులో పడినాక అంతే నిలకడ.

ఆ సన్నమూతి గొడ్డలి కొమ్మలకు.
మొద్దులో దిగిందంటే గుమ్మడికాయలో కత్తి, ఊడి రాదు.
ఈ బండమూతిది చూడు, ఎనుపోతు నుదురు.
ఇది కోయదు, తోసి విడదీస్తుంది.
బరువని జంకొద్దు అబ్బీ,
ఎత్తేది నువ్వు, పడేది అది.

మొద్దు నెత్తిన పగుళ్ళుంటాయి, చదువు.
నడిమికి పోవద్దు,
రొట్టెను తుంచినట్టు అంచు నుంచి రా.
ముడి కనిపిస్తే పంతం పట్టొద్దు,
ఇనుప చీలా సమ్మెటా తెచ్చుకో.
చీల తల పుట్టగొడుగై విప్పారిందా, పారెయ్.
దాని రవ్వలకు కన్నంటే మోజు.
ఈ అద్దాలు గీతలు పడ్డాయి కానీ
నీ కన్ను కంటే చవక.

ఆ నీలం నీళ్ళట్యాంకు చూసినావా, గుడ్డ కుక్కిన చోటు?
జూలై ఎండకు కామ సన్నబడింది. నేను చూసుకోలేదు.
ఎత్తేటప్పుడు చేతిలో గొడ్డలి,
దించేసరికి ఒట్టి కట్టె.
ఇనుము యాడికి పోయిందో ట్యాంకు చెప్పింది.
ఒక్క నిమిషం ముందు అక్కడ
యెమెన్ హాషిమ్ బకెట్టు నింపుకుంటా ఉండాడు.
ఆ రాత్రి నా పళ్ళెంలో రెండు ముక్కలు ఎక్కువేసినాడు,
మాట మాత్రం ఒక్కటీ అనలేదు.

నీళ్ళలో నానబెడితే బిగుస్తుందంటారు.
బిగుస్తుంది, రేపటి దాకా.

అందుకే సెలవుకు పోయినప్పుడు
మా ఊరి ఓబులాచారి చేత చెక్కించుకుంటి, చిరుమాను.
ఊరగాయ డబ్బాకూ కారంపొడికీ నడుమ
పెట్టెలో మూల నుంచి మూలకు పట్టింది.
ఎయిర్‌పోర్టులో తెరిపించి ఇదేందన్నాడు కస్టమ్స్ మనిషి.
అరబ్బీలో కామను ఏమంటారో నాకు రాదు,
నా చెయ్యి చూపించి "యద్" అంటి.
నవ్వి వదిలేసినాడు.
వాళ్ళ భాషలోనూ దాన్ని చెయ్యి అనే అంటారంట,
హాషిమ్ తర్వాత చెప్పినాడు.

నిలబడు. కాళ్ళు ఎడంగా.
వెనక ఎవురన్నా ఉండారా? మళ్ళీ చూడు.
రెక్కలు అలసితే ఆపెయ్.
మందీ ఆలస్యమైతే అరుస్తారు, అంతే కదా,
అరుపుకు కుట్లు వేయాల్సిన పని లేదు.

ఎత్తు.
ఆగాగు, లేసు ఊడింది.