వందకు నాలుగు కిలోలు

సీతాఫల్‌మండిలో టైలర్ దుకాణం మీది గదిలో
సాయంత్రం ఆరు నుంచి పది దాకా నేను ఒక చెవిని.
పేరు అడగను. ఊరు అడగను.
ఫోన్ చేసేవాళ్లకి నేనూ పేరు లేనిదాన్నే.
తెర మీద నంబరు రాదు,
బూడిదరంగు గుండ్రం ఒకటి వెలుగుతుంది, అంతే.

"అక్కా, మాట ఇక్కడ ముక్కలైతది,
నీ చెవి కాడికి వచ్చినంకనే మళ్లీ మాటైతది.
మధ్యల ఎవడు పట్టుకున్నా వాని చేతికి ఊకనే"
అన్నాడు ఇవన్నీ బిగించిన సుగుణాకర్.
అని, కొంచెం ఆగి, మెడ గోక్కుంటూ
ఇంకోటి చెప్పాడు:
"కానీ ఎంతసేపు మాట్లాడిన్రు, యాడ ఆగిన్రు, అది తెలుస్తది.
మాటకే తాళం. మౌనం బయటనే ఉంటది."

ఆ రోజు నుంచి
అటువైపు ఎవరైనా ఏడుస్తూ ఆగిపోతే
నేను ఊరికే ఏదో ఒకటి మాట్లాడుతుంటాను
చింతపండు ధర, మెట్రోలో రద్దీ, మా ఫ్యాను చప్పుడు.
లెక్కపెట్టేవాడెవడైనా ఉంటే
వాడికి లెక్క తప్పాలని.
సుగుణాకర్ నవ్వాడు. అది అట్ల పనిచేయదట.
అయినా మాట్లాడతాను.

ఆమె మంగళవారాలు చేస్తుంది.
మొదటిసారి పేరు కనకాంబరం అంది,
తర్వాత చామంతి, ఒకసారి గన్నేరు.
గన్నేరు అన్న రోజు
పది దాటినా ఫోన్ పెట్టనివ్వలేదు నేను.

నిజామాబాద్ నుంచి, అంటుంది.
దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది గొంతు.
"ఇంటి గుట్టు లంకకు చేటంటారు కదండీ"
అని మొదలుపెట్టి, అక్కడే ఆగుతుంది.
లంక కాలిన సంగతే అందరికీ గుర్తు.
ఆ ఇంట్లో ఏం జరిగిందని ఎవరడిగారు.

పోయిన మంగళవారం
ఉక్కపోతకి కిటికీ తెరిచి కూర్చున్నాను.
సందు మలుపులో ఉల్లిగడ్డల ట్రాలీ ఆటో,
మైకులో అరిగిపోయిన రికార్డు:
"వందకు నా... నా... నాలుగు కిలోలు"
ఆ 'నా' దగ్గర రోజూ తట్టుకునేది
ఈ ఒక్క బండే.
ఎడమ చెవికి కిటికీలోంచి వినపడింది.
అర క్షణం తర్వాత
కుడి చెవికి, హెడ్‌ఫోన్‌లోంచి,
ఆమె గొంతు వెనకాల
"నా... నా... నాలుగు"

ఏ దేశపు సర్వర్‌లో ముక్కలై
ఏ సముద్రం అడుగు నుంచి తిరిగొచ్చిందో
పక్క సందులోని ఉల్లిగడ్డ.

మ్యూట్ మీద వేలు పెట్టాను.
ఆలస్యమైందేమో.
నా కిటికీ కూడా అటు వెళ్లిపోయే ఉంటుంది.
ఆమె ఆగింది.
ఎంతసేపో నేను కొలవలేదు.
ఆటో దాటిపోయింది.
కుక్క ఒక్కసారే మొరిగింది, నాకు రెండుసార్లు.

అప్పుడంది:
"ఇక్కడ నిజామాబాద్‌లో వాన మొదలైందండీ."

కిటికీలోంచి చూశాను.
దీపం కింద పొడిపొడిగా సందు, లేస్తున్న దుమ్ము.
మ్యూట్ తీసి "అవునా" అన్నాను.
"తడవకండి. బట్టలు తీసేసుకున్నారా?"
"తీసేసుకున్నా"
నవ్వులాంటిది ఏదో తగిలింది ఆ మాటకి, మొదటిసారి.

ఇవాళ డ్యూటీకి వస్తుంటే
అదే బండి, టైలర్ దుకాణం ముందు.
కాటా చుట్టూ నలుగురం ఆడవాళ్లం.
అడగబోయి నోరు మూసుకున్నాను.
రెండు వేళ్లు చూపించాను.
"మాట్లాడవేందమ్మా, గొంతు పోయిందా?"
తలూపాను.

నా పక్కన ఆకుపచ్చ చున్నీ ఆవిడ
మెత్తబడ్డవి ఏరి అవతల పెడుతూ
నా వైపు చూడకుండా
నాలుగు వేళ్లు చూపింది.